టెస్టోస్టిరాన్ పరీక్షకు అడ్రినల్ కణాలెందుకు? ఒక కణితి చెప్పగలిగేదీ చెప్పలేనిదీ

"ఫలానా పురుగుమందు మగ హార్మోన్‌ను తగ్గిస్తోందని పరీక్షల్లో తేలింది" అనే వార్త అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. చదివినవాళ్లకు టెన్షన్ సహజం. వార్త చివర్లో ఎక్కడో "మానవ కణాల మీద జరిపిన ప్రయోగంలో" అన్న మాట కనిపిస్తుంది. ఆ కణాలు ఎవరివి, ఎక్కడివి అన్నది మాత్రం అందులో ఉండదు.

ఇలాంటి పరీక్షల్లో చాలావాటికి ఆధారం హెచ్295ఆర్ అనే ఒకే రకం కణాలు. అవి వృషణాల నుంచి తీసినవి కావు, అండాశయం నుంచీ కాదు. మూత్రపిండం మీద టోపీలా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథిలో పెరిగిన ఒక క్యాన్సర్ కణితి నుంచి వచ్చినవి. ఆ కణితి ఒక మహిళది. మహిళ అడ్రినల్ క్యాన్సర్ కణాల మీద టెస్టోస్టిరాన్ పరీక్ష ఎలా చేస్తారు? ఆ ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? ఈ ప్రశ్న వేసినవాళ్లు సరైన చోటే ఆగారు. దీనికి జవాబు కావాలంటే ముందు గ్రంథిలో జరిగే పని తెలియాలి.

కొలెస్టరాల్ నుంచి కార్టిసాల్ దాకా

అడ్రినల్ గ్రంథికి లోపల దవ్వ, బయట వల్కలం అని రెండు భాగాలు. లోపలి భాగం అడ్రినలిన్ తయారుచేస్తుంది. దానితో మనకిక్కడ పని లేదు. ఈ గ్రంథి చేసే స్టెరాయిడ్ హార్మోన్లన్నీ వల్కలంలోనే తయారవుతాయి. వల్కలంలోనూ మూడు పొరలున్నాయి. పై పొర చేసే ఆల్డోస్టిరోన్ ఒంట్లో ఉప్పునీ రక్తపోటునీ సరిచూస్తుంది. మధ్య పొర చేసే కార్టిసాల్ జబ్బు, గాయం, ఒత్తిడి వంటి సమయాల్లో శరీరాన్ని నిలబెడుతుంది. లోపలి పొర డీహెచ్ఈఏ వంటి బలహీనమైన పురుష హార్మోన్లను చేస్తుంది.

మూడింటికీ ముడిసరుకు ఒక్కటే, కొలెస్టరాల్. అది ముందుగా కణంలోని మైటోకాండ్రియా లోపలికి చేరాలి. అక్కడ ఒక ఎంజైమ్ దాన్ని ప్రెగ్నెనలోన్‌గా మారుస్తుంది. అక్కడినుంచి దారులు చీలతాయి. 17-హైడ్రాక్సిలేజ్ ఎంజైమ్ పనిచేస్తే కార్టిసాల్ వైపు, పురుష హార్మోన్ల వైపు వెళ్లే దారి తెరుచుకుంటుంది. అది పనిచేయని పొరలో సరుకు ఆల్డోస్టిరోన్ దారి పడుతుంది. 21-హైడ్రాక్సిలేజ్ లేకపోతే కార్టిసాలూ రాదు, ఆల్డోస్టిరోనూ రాదు. వృషణాల్లో టెస్టోస్టిరాన్, అండాశయంలో ఎస్ట్రడయోల్ అనే స్త్రీ హార్మోన్ తయారయ్యేది కూడా ఇదే కొలెస్టరాల్ నుంచి, చాలావరకు ఇవే ఎంజైమ్‌ల చేతుల మీదుగా. చివరి అడుగుల్లోనే తేడా.

అడ్రినల్ కణాలతో టెస్టోస్టిరాన్ పరీక్ష ఎందుకన్న దానికి సగం జవాబు ఇక్కడే ఉంది. దారి మొదటి భాగమంతా ఉమ్మడిది.

ఎలుకలు ఎందుకు సరిపోవు

పరిశోధన అనగానే ఎలుకలు గుర్తొస్తాయి. కానీ అడ్రినల్ విషయంలో ఎలుక మనకు దగ్గరి బంధువు కాదు. ఎలుకల అడ్రినల్‌లో 17-హైడ్రాక్సిలేజ్ పనిచేయదు. అందుకే వాటి ప్రధాన హార్మోన్ కార్టిసాల్ కాదు, కార్టికోస్టిరోన్. మనిషి అడ్రినల్ భారీగా విడుదల చేసే డీహెచ్ఈఏ వాటి అడ్రినల్ నుంచి రాదు. కాబట్టి ఒక రసాయనం మనిషి అడ్రినల్‌లోని 17-హైడ్రాక్సిలేజ్‌ను అడ్డుకుంటే, ఎలుక అడ్రినల్‌ను చూసి ఆ సంగతి కనిపెట్టలేం.

ఎలుక కణాలు ఉపయోగపడలేదని కాదు. అణుబాంబు పేలుడు రేడియేషన్ సోకిన ఒక ఎలుకలో పుట్టిన అడ్రినల్ కణితి నుంచి వై1 అనే కణాలు వచ్చాయి. 1966లో వాటి గురించి ప్రచురించారు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోన్‌తో అడ్రినల్‌కు ఆదేశాలు పంపుతుంది. ఆ ఆదేశాన్ని కణం ఎలా అందుకుంటుందో పరిశోధకులు చాలావరకు వై1 కణాల దగ్గరే నేర్చుకున్నారు. అయితే వాటిలో 21-హైడ్రాక్సిలేజ్ లేదు. ఆదేశం వినపడుతుంది కానీ చివరి సరుకు బయటికి రాదు.

1980 నాటి కణితి

శరీరం నుంచి తీసిన మామూలు కణాలు గాజుపాత్రలో కొన్ని రోజులో వారాలో బతికి, విభజన ఆపేస్తాయి. ఎడతెగకుండా విభజన చెందుతూ, తరం తర్వాత తరంగా పెంచుకోగలిగిన కణాల సంతతినే సెల్ లైన్ అంటారు. క్యాన్సర్ కణాలకు ఆగకుండా విభజన చెందే గుణం ముందే ఉంటుంది కాబట్టి చాలా సెల్ లైన్లు కణితుల నుంచే వచ్చాయి. అలాగని ప్రతి కణితీ పాత్రలో పెరగదు. అడ్రినల్ వల్కలం క్యాన్సర్ అరుదైన జబ్బు, దాని కణాలను బయట పెంచడం మరీ కష్టం.

1980లో 48 ఏళ్ల ఒక మహిళ అడ్రినల్ కణితి నుంచి తీసిన కణాలు అలా నిలదొక్కుకున్నాయి. వాటికి ఎన్‌సీఐ-హెచ్295 అని పేరు పెట్టారు. 1990లో వాటి వివరాలు ప్రచురించినప్పుడు పరిశోధకులను ఆకట్టుకున్నది ఒక సంగతి. ఆ కణాలు దాదాపు 30 రకాల స్టెరాయిడ్లను విడుదల చేస్తున్నాయి. పురుష హార్మోన్లూ స్త్రీ హార్మోన్లూ వాటిలో ఉన్నాయి, ఇందాకటి ప్రశ్నకు మిగతా సగం జవాబు ఇదే. ఆరోగ్యంగా ఉన్న గ్రంథిలో మూడు పొరలు పంచుకునే పనిని ఇక్కడ ఒకే రకం కణం చేస్తోంది. ఇంకా ఏ పొరకూ ఒదగని పిండదశ అడ్రినల్ కణాన్ని అది తలపించింది.

చిక్కల్లా వాటి పెంపకంలోనే. అవి పాత్రకు అంటుకోకుండా గుంపులుగా తేలేవి, చాలా నెమ్మదిగా పెరిగేవి. అంటుకుని పెరిగేవాటిని ఏరి, వేగంగా విభజన చెందేలా పెంచిన ఉపజాతి హెచ్295ఆర్, 1994లో వచ్చింది. అంటుకునే కణాలతో ప్రయోగం తేలిక. మందు కలిపిన ద్రవం పోయవచ్చు, తీసేయవచ్చు, ఆ ద్రవంలోకి వచ్చిన హార్మోన్లను కొలవవచ్చు. అందుకే ఇన్నేళ్లుగా ఈ రంగానికి అదే పెద్ద దిక్కు.

ఎక్కడ అడ్డు పడిందో చెప్పే తీరు

హెచ్295ఆర్ అసలు బలం ఒక ఉదాహరణలో బాగా కనిపిస్తుంది. ప్రోక్లోరాజ్ అనే శిలీంధ్రనాశినిని ఈ కణాల మీద వేశారనుకుందాం. టెస్టోస్టిరాన్ తగ్గుతుంది. అంతవరకే కొలిస్తే "తగ్గింది" అన్న ఒక్క మాట మిగులుతుంది. దారిలో 17-హైడ్రాక్సిలేజ్‌కు ముందు మెట్టులో ఉండే ప్రొజెస్టిరాన్‌ను కూడా అదే ద్రవంలో కొలిస్తే అది పెరిగి కనిపిస్తుంది. కాలువలో ఒకచోట తలుపు వేస్తే పైన నీళ్లు నిలుస్తాయి, కింద ఎండుతుంది. ప్రొజెస్టిరాన్ నిలిచిపోయి, దాని తర్వాతివి ఎండిపోయాయంటే తలుపు పడింది 17-హైడ్రాక్సిలేజ్ దగ్గర.

మరో రసాయనం వేస్తే, కార్టిసాల్ దారిలో 21-హైడ్రాక్సిలేజ్‌కు ముందు మెట్టులో ఉండే 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్ పెరిగి, కార్టిసాల్ తగ్గి, పురుష హార్మోన్లు మాత్రం అలాగే ఉన్నాయనుకోండి. అప్పుడు అనుమానం 21-హైడ్రాక్సిలేజ్ మీదకు వెళ్తుంది. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ లోపించిన శిశువులను గుర్తించడానికి రక్తంలో కొలిచేది కూడా ఈ 17-హైడ్రాక్సీప్రొజెస్టిరాన్‌నే. పాత్రలోనూ శిశువులోనూ తర్కం ఒక్కటే.

ఇలాంటి పరీక్ష ముందుగా ఉండాల్సిన అవసరం ఎంతటిదో ఎటోమిడేట్ చెబుతుంది. అది మత్తుమందు. తీవ్రంగా జబ్బుపడినవారికి దాన్ని గంటల తరబడి, రోజుల తరబడి ఎక్కించినప్పుడు మరణాలు పెరిగాయని 1983లో వైద్యులు గమనించారు. అది కార్టిసాల్ తయారీలో చివరి అడుగు వేయించే 11-బీటా హైడ్రాక్సిలేజ్ ఎంజైమ్‌ను అడ్డుకుని కార్టిసాల్ తయారీని ఆపేస్తోందని తర్వాత తెలిసింది. అప్పటికి హెచ్295 కణాల వివరాలు లోకానికి తెలియవు. ఒక మందు దుష్ఫలితం రోగుల మరణాల ద్వారా బయటపడటం కంటే గాజుపాత్రలో బయటపడటం ఎంత మేలో వేరే చెప్పాలా?

అంతర్జాతీయ పరీక్షగా మారిన వైనం

ఈ బలాన్ని చూసే ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ, అంటే ఓఈసీడీ, 2011లో హెచ్295ఆర్ కణాల పరీక్షను 456వ నంబరు మార్గదర్శకంగా ఆమోదించింది. కణాలను చిన్న గుంటల పళ్లెంలో 48 గంటలు రసాయనంతో ఉంచి, టెస్టోస్టిరాన్, ఎస్ట్రడయోల్ రెండింటినీ కొలుస్తారు. పరీక్ష సరిగా జరుగుతోందో లేదో చూడటానికి పక్కనే రెండు తెలిసిన పదార్థాలు ఉంటాయి. హార్మోన్ పెంచేందుకు ఫోర్‌స్కోలిన్, తగ్గించేందుకు ఇందాకటి ప్రోక్లోరాజ్. ఒక్క మోతాదులో ఒకసారి తేడా వస్తే చాలదు. పక్కపక్క మోతాదుల్లో, వేర్వేరు సార్లు చేసిన ప్రయోగాల్లో అదే తేడా నిలవాలి.

ఇక్కడ ఎక్కువమంది పొరబడే చోటు ఒకటుంది. అంకెలతో చూద్దాం. రసాయనం లేని గుంటలో టెస్టోస్టిరాన్ 100 యూనిట్లు, రసాయనం వేసిన గుంటలో 50. సగానికి పడిపోయింది కదా అనిపిస్తుంది. ఇప్పుడు బతికున్న కణాలను లెక్కపెడితే మొదటి గుంటలో 100 అనుకుంటే రెండో గుంటలో 52 ఉన్నాయి. బతికున్న ఒక్కో కణం చేసిన హార్మోన్ దాదాపు మారనే లేదు. ఆ రసాయనం హార్మోన్ తయారీని అడ్డుకోలేదు, కణాలను చంపింది. అందుకే బతికున్న కణాలు 80 శాతం కంటే తగ్గిన మోతాదుల ఫలితాన్ని లెక్కలోకి తీసుకోరు. ఎవరైనా భారీ మోతాదు ఫలితం ఒక్కటే చూపించి హార్మోన్ పడిపోయిందంటే, ఈ అంకె కనబడేదాకా నేను ఒప్పుకోను.

కొలిచే పద్ధతిలోనూ ఇలాంటి మెలికే ఉంది. యాంటీబాడీతో కొలిచే కిట్లు ఒక స్టెరాయిడ్‌ను చూసి మరొకటి అనుకోవచ్చు, ఎందుకంటే వీటి నిర్మాణాలు అన్నదమ్ముల్లా ఉంటాయి. ద్రవంలో అసలు టెస్టోస్టిరాన్ 10 యూనిట్లే ఉండి, మరో స్టెరాయిడ్ 1000 యూనిట్లు ఉందనుకుందాం. కిట్ ఆ రెండోదాన్ని 2 శాతం మేరకు పొరబడినా అదనంగా 20 చేరి 30 అని చూపిస్తుంది. ఉన్నదానికి మూడింతలు. ముప్పై రకాల స్టెరాయిడ్లు చేసే కణంతో పనిచేసేటప్పుడు ఇది చిన్న లోపం కాదు. అణువు బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీకి ఈ రంగంలో అంత విలువ అందుకే.

కణితి కావడం వల్ల వచ్చే చిక్కులు

ఇప్పుడు రెండో వైపు. హెచ్295ఆర్ మామూలు అడ్రినల్ కణం కాదు. అందులో కణాన్ని అదుపులో ఉంచే పీ53 జన్యువు దెబ్బతింది. బీటా-కాటెనిన్ అనే ప్రొటీన్ జన్యువులో మార్పు ఉంది, దానివల్ల పెరగమనే సంకేతం ఆగకుండా వెలుగుతూనే ఉంటుంది. అడ్రినల్ క్యాన్సర్‌ను పరిశోధించేవారికి ఇవి పనికొచ్చే గుణాలే, చాలామంది రోగుల కణితుల్లో కనిపించే మార్పులే కాబట్టి. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి గురించి అడిగేవారికి అవే అడ్డంకి.

పెద్ద లోటు మరొకటి. ఈ కణాలకు ఏసీటీహెచ్ మాట సరిగా వినపడదు, దాన్ని అందుకునే గ్రాహకాలు చాలా తక్కువ. అడ్రినల్‌కు ముఖ్యమైన ఆదేశమే అందకపోతే ఎలా? పరిశోధకులు తలుపు తట్టడం మానేసి నేరుగా ఇంట్లోకి వెళ్తారు. ఏసీటీహెచ్ మామూలుగా కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేతాన్ని పెంచుతుంది. ఫోర్‌స్కోలిన్ వేస్తే గ్రాహకంతో పనిలేకుండా అదే సంకేతం పెరుగుతుంది. పని జరుగుతుంది గానీ, తలుపు దగ్గరే ఏదైనా రసాయనం చిక్కు పెడితే అది ఈ పద్ధతిలో కంటపడదు. ఆల్డోస్టిరోన్ వైపు మాత్రం ఇవి చక్కగా స్పందిస్తాయి. ఆల్డోస్టిరోన్‌ను పెంచమని చెప్పే హార్మోన్ యాంజియోటెన్సిన్‌కూ పొటాషియంకూ అసలు గ్రంథిలాగే పలుకుతాయి.

పాత్రలో పిట్యూటరీ కూడా లేదు. శరీరంలో కార్టిసాల్ కాస్త తగ్గగానే పిట్యూటరీ గమనించి ఏసీటీహెచ్ పెంచుతుంది, తగ్గినదాంట్లో కొంత తిరిగి పూడుతుంది. పాత్రలో 20 శాతం తగ్గితే తగ్గినట్టే. దీన్నిబట్టి పాత్ర ఎప్పుడూ ప్రమాదాన్ని పెంచి చూపుతుందనుకోవడం తప్పు. పుట్టుకతో 21-హైడ్రాక్సిలేజ్ లోపించిన బిడ్డలో పిట్యూటరీ ఆపకుండా ఆదేశాలిస్తూ పోవడం వల్లే గ్రంథి ఉబ్బి, పురుష హార్మోన్లు పొంగిపొర్లుతాయి. ఆ కష్టాన్ని పాత్ర చూపలేదు. కాలేయమూ అక్కడ లేదు. కొన్ని రసాయనాలు కాలేయంలో విరిగి హానిలేనివవుతాయి, కొన్ని అక్కడే హానికరంగా మారతాయి.

కణాలకు ఆహారంగా వేసే సీరమ్ (రక్తం నుంచి వేరుచేసిన ద్రవం) కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. మైటోటేన్ కథ దీనికి మంచి ఉదాహరణ. డీడీటీకి చుట్టమైన ఈ పదార్థం కుక్కల అడ్రినల్ వల్కలాన్ని నాశనం చేస్తోందని 1940ల చివర్లో గమనించారు. ఆ హానే చివరికి అడ్రినల్ క్యాన్సర్‌కు మందయింది. రోగి రక్తంలో అది లీటరుకు 14 నుంచి 20 మిల్లీగ్రాముల మధ్య ఉండేలా వైద్యులు చూస్తారు. మైటోటేన్ కొవ్వును పట్టుకుని ఉండే రకం. సీరమ్‌లో కొవ్వు మోసే లైపోప్రొటీన్లు ఉంటే అవి దాన్ని పట్టేసుకుంటాయి, కణాలకు చేరేది తగ్గుతుంది. లైపోప్రొటీన్లు తీసేసిన ద్రవంలో అదే మోతాదు కణాలను చాలా గట్టిగా దెబ్బతీస్తుంది. రెండు ల్యాబ్‌లు ఒకే మందు, ఒకే కణాలు, ఒకే మోతాదు వాడి భిన్నమైన జవాబులు చెప్పడానికి ఎవరి తప్పూ అక్కర్లేదు, వాడిన సీరమ్ చాలు.

ఏ కణమో తెలియక వచ్చే తికమక

సెల్ లైన్ల పేర్లు చూసి అవన్నీ వేర్వేరు మనుషుల నుంచి వచ్చాయనుకుంటాం. ఎస్‌డబ్ల్యూ-13 అనే లైన్ దశాబ్దాలుగా "అడ్రినల్" పేరుతో వాడుకలో ఉంది. అది స్టెరాయిడ్లు చేయదు, అసలు అడ్రినల్‌లోనే పుట్టిందా, మరెక్కడి నుంచో అక్కడికి పాకిన కణితా అన్న అనుమానమూ ఉంది. అడ్రినల్ కణాల మీద పరీక్షించామని చెబుతూ హెచ్295ఆర్, ఎస్‌డబ్ల్యూ-13 రెండూ పక్కపక్కన పెట్టిన వ్యాసాలను ఈ సంగతి గుర్తుంచుకునే చదవాలి.

హెచ్ఏసీ15 కథ ఇంకా ఆసక్తికరం. ఏసీటీహెచ్‌కు బాగా స్పందించే ఈ కణాలు మరో రోగి కణితి నుంచి వచ్చాయని మొదట భావించారు. జన్యు గుర్తులు సరిచూస్తే అవి హెచ్295ఆర్ సంతతే అని తేలింది. దీంతో రెండు లైన్లలోనూ ఒకే ఫలితం వచ్చింది కాబట్టి రెండు వేర్వేరు రుజువులు దొరికాయి అన్న వాదన బలహీనపడింది. కణాలు మాత్రం నిరుపయోగం కాలేదు. ఒకే మూలం నుంచి వచ్చినా, ఏసీటీహెచ్‌ను వినగలిగే కొమ్మగా వాటికి విలువ ఉంది.

ఆ కణాలు చేసిన మేలు కూడా చెప్పాలి. అధిక రక్తపోటు తెచ్చే కొన్ని అడ్రినల్ గడ్డల్లో కేసీఎన్‌జే5 అనే పొటాషియం చానల్ జన్యువు మారి ఉందని 2011లో వెల్లడైంది. మార్పు కనిపించింది సరే, జబ్బుకు కారణం అదేనా? మారిన జన్యువును హెచ్ఏసీ15 కణాల్లో పెట్టి చూశారు. ఆల్డోస్టిరోన్ పెరిగింది. చానల్ గుండా సోడియం లోపలికి వస్తోంది, దాని వెంట కాల్షియం, ఆ కాల్షియం ఆల్డోస్టిరోన్ చేసే ఎంజైమ్‌ను రెచ్చగొడుతోంది. రోగుల గడ్డల్లో కనిపించిన మార్పూ కణాల్లో తెలిసిన పనితీరూ ఒకదాన్నొకటి బలపరిచాయి. సెల్ లైన్‌ను ఎలా వాడాలో చూపడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

అట్రజిన్ వివాదంలో రెండు వాదనలు

కలుపుమందు అట్రజిన్ గురించి చదివేవారికి ఇవన్నీ ఒకేసారి ఎదురవుతాయి. 2000 ప్రాంతంలో హెచ్295ఆర్ మీద జరిపిన ప్రయోగాల్లో అది అరోమటేజ్ ఎంజైమ్‌ను పెంచింది. పురుష హార్మోన్‌ను స్త్రీ హార్మోన్‌గా మార్చేది అరోమటేజే కాబట్టి ఆ ఫలితం కలకలం రేపడంలో ఆశ్చర్యం లేదు. మాయ (గర్భంలో బిడ్డకు ఆహారం అందించే ప్లాసెంటా) నుంచి వచ్చిన మరో మానవ క్యాన్సర్ లైన్‌లోనూ అదే జరిగింది. రొమ్ము క్యాన్సర్ లైన్ ఎంసీఎఫ్-7లో మాత్రం జరగలేదు.

ప్రమాదాన్ని గట్టిగా నమ్మేవారి వాదన ఇది: మనిషి కణంలో, ఒకటికి రెండు రకాల్లో, అర్థమయ్యే మార్గంలో ప్రభావం కనిపించింది, దాన్ని కొట్టిపారేయలేం. ఎదుటివారు అంటున్నదీ వినదగ్గదే: అరోమటేజ్ జన్యువును వేర్వేరు అవయవాలు వేర్వేరు మీటలతో నడుపుతాయి, సైక్లిక్ ఏఎంపీ మీట వాడే కణాల్లో పెరిగినంత మాత్రాన ఒళ్లంతా అలాగే జరుగుతుందనలేం. పైగా ఎలుకల్లో అట్రజిన్ ప్రభావం స్పష్టంగా కనిపించేది అండం విడుదలకు ముందు పిట్యూటరీ నుంచి వచ్చే ఎల్‌హెచ్ హార్మోన్ ఉప్పెన తగ్గడంలో. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) తన అంచనాల్లో ముఖ్యంగా పట్టించుకున్నది దాన్నే. ఆ మార్గంలో అడ్రినల్ కణం పాత్రే లేదు.

నా అంచనాలో ఇద్దరూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు. ఈ రసాయనం స్టెరాయిడ్ దారిలో ఏదైనా అడుగును కదిలించగలదా అంటే కణాలు అవునన్నాయి, ఆ జవాబు నిలబడుతుంది. మనిషి ఒంట్లోకి చేరే మోతాదులో ఆ కదలిక జరుగుతుందా, జరిగితే హాని చేస్తుందా అన్న ప్రశ్న ఆ కణాలను ఎవరూ అడగలేదు. అడిగినా అవి చెప్పలేవు.

ఒక్క కణితి మీద ఆధారం తగ్గుతోంది

చాలా ఏళ్లు ఈ రంగమంతా దాదాపు ఒకే మహిళ కణితి మీద నిలబడింది. ఒకరి జన్యువులు, ఒకరి జబ్బు తీరు, అదీ ఒక స్త్రీది. గడిచిన దశాబ్దంలో పరిస్థితి మారుతోంది. 2016లో జర్మనీ నుంచి ఎంయూసీ-1, 2018లో అమెరికాలోని కొలరాడో నుంచి సీయూ-ఏసీసీ1, సీయూ-ఏసీసీ2 లైన్లు వచ్చాయి. హెచ్295ఆర్‌కు లొంగిన మందులకు ఇవి కొన్నిసార్లు లొంగవు. క్యాన్సర్ మందుల విషయంలో ఇది చేదువార్తే అయినా ముందే తెలియాల్సిన వార్త, ఎందుకంటే రోగులూ ఒకరికొకరు భిన్నంగానే ఉంటారు.

స్టెరాయిడ్ తయారీని చదవడానికి మాత్రం ఈ కొత్త లైన్లు హెచ్295ఆర్ స్థానాన్ని ఇంకా తీసుకోలేదు. కొలెస్టరాల్ నుంచి ఎస్ట్రడయోల్ దాకా మొత్తం దారిని అంత పూర్తిగా నడిచే మరో మానవ కణం సులువుగా దొరకదు. ఆపరేషన్లలో తీసిన మామూలు అడ్రినల్ కణాలు ఏసీటీహెచ్‌ను చక్కగా వింటాయి కానీ కొద్దిరోజులే బతుకుతాయి, ఒక్కొక్కరి కణాలు ఒక్కోలా ప్రవర్తిస్తాయి. అందువల్ల ఇప్పటికీ చాలా ల్యాబ్‌లలో మొదటి ప్రశ్న హెచ్295ఆర్‌ను అడుగుతారు, అక్కడ అవునని వచ్చినదాన్ని మామూలు కణాల్లో, జంతువుల్లో, రోగుల రక్తంలో మళ్లీ అడుగుతారు.